సిరిమాను కింద మా తీగ

ఫోను ఎత్తగానే తిట్టే మనిషితో ఎలా మాట్లాడాలో మీకు శిక్షణలో నేర్పుతారు. ఆ మనిషి ఇంటికి వెళ్లే తీగ దారిలో ఎవరి గోడ మీద ఆనుకుని ఉందో నేర్పరు. నా ఉద్యోగంలో సగం ఆ రెండోదే. ఇంటర్నెట్ కంపెనీల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్ల కోసం, జ్ఞాపకం ఉన్నంతలో, దాచకుండా రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించి. దేవుడి దయ వల్ల, నాకంటే మంచివాళ్లయిన కొందరి దయ వల్ల, ఆ తప్పు ఒకరి బతుకు మీద పడకుండా ఆగింది. ఎంత దగ్గరికి వచ్చి ఆగిందో మీకు తెలియాలి.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె బలహీనపడిందని, పరుగులు, మెట్లు వద్దన్నారు డాక్టరు గారు. మా నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. అమ్మ నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి తెలుగు కీర్తనల పుస్తకంలోంచి, ఇంగ్లీషు మందు సీసాల మీద కాగితాల్లోంచి నేర్పింది. తప్పు చదివితే కొట్టేది కాదు. "వేలు పెట్టి మళ్లీ చదువు" అనేది. పదో తరగతి ఇంటి నుంచే రాశాను. గుండె తర్వాత బాగుపడింది. పెద్ద వయసులో నడిచినంత నడక చిన్నప్పుడు నడవలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

గోడల మీద బతికిన కంపెనీ

బొబ్బిలికి అవతల, రెండు జిల్లాలు కలిసే చోట ఉన్న మా చిన్న పట్టణంలో కేబుల్ టీవీ ఆఫీసు ఒకటి ఉండేది. అందులో ఫిర్యాదుల పుస్తకం రాసే పని నాది. 2010 తర్వాత దాని యజమాని కామేశ్వరరావు గారికి ఫైబరు ఇంటర్నెట్ పెట్టాలన్న ఆలోచన వచ్చింది. పెద్ద కంపెనీలు అప్పటికే ఉన్నాయి. వాళ్లకి స్తంభాలు, తవ్వకానికి అనుమతులు, పెద్ద పెద్ద ఆఫీసులు ఉన్నాయి. మాకు ఉన్నది కేబుల్ టీవీ వాళ్లుగా ఇళ్లవాళ్లతో ఉన్న పరిచయం ఒక్కటే.

"వారం తర్వాత వస్తామనే కంపెనీ మీద నెగ్గడానికి తెలివి అక్కర్లేదమ్మా. సాయంత్రంలోగా ఎల్తే సాలు" అనేవారు ఆయన. అది నిజమే. మొదటి రెండేళ్లు మేము గెలిచింది ఆ ఒక్క మాటతోనే.

ఫైబరు అంటే వెంట్రుకంత గాజు పోగు. అందులో కరెంటు ఉండదు, వెలుగు పోతుంది. ఎక్కువ వంచితే, నొక్కితే ఆ వెలుగు కారిపోతుంది. తెగితే రాగి తీగలాగా మెలిపెట్టి కలపడం కుదరదు. కొసలు రెండూ శుభ్రం చేసి మెషీనులో పెట్టి ఒక్కొక్క పోగునూ కరిగించి అతకాలి. ఒక్క పెద్ద తీగ తెగితే గంటల పని. ఈ నాలుగు ముక్కలూ గుర్తుంటే తర్వాత చెప్పేదంతా మీకు తెలుస్తుంది.

మా తీగ వెళ్లేది ఇళ్ల పిట్టగోడల మీదుగా, కొబ్బరి చెట్ల మీదుగా. ఎవరూ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన అనుమతి కాదు. నేను వెళ్లి అరుగు మీద కూర్చుని అడగాలి. వాళ్లు సరే అనాలి. అంతే. కంపెనీ ఆ మాటల మీద నిలబడి ఉండేది.

వీణలు చేసే ఒక పెద్దాయన ఇంటి మీదుగా తీగ వేసిన వారానికి ఫోను చేశాడు.

"అమ్మా, మీ తీగ నా రేకు మీద పడి పాడతన్నాది. నాను శృతి సూసుకోవాలా, దాని పాట ఇనాలా?"

లైన్ మెన్ నవ్వారు. నేను వెళ్లాను. నాకేమీ వినబడలేదు. "గాలి వచ్చినదాకా కూకో, నీకే ఇనబడతాది" అన్నాడు. అరగంట కూర్చున్నాను. గాలి లేచింది. తీగ రేకు అంచుకి తగిలి సన్నగా ఝుమ్మంది. ఆయన చేతిలో ఉన్న వీణ దండె మీద వేలు ఆగిపోయింది. తీగ ఆనిన చోట పాత సైకిల్ ట్యూబు చుట్టించాను. ఆ వీధి మొత్తం ఆయన మాట మీదే మా కంపెనీలోకి వచ్చింది. ఫోనులో విన్నది వేరు, వెళ్లి విన్నది వేరని నాకు చెప్పిన మొదటి గురువు ఆయన.

నేను నడవడం మానేసిన సంవత్సరం

కంపెనీ పెరిగింది. ఒక ఊరు కాస్తా పది ఊళ్లయింది. నన్ను ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇళ్లవాళ్లని అడిగే పని లైన్ మెన్‌కి వదిలేశాను. వాళ్లు తీగ లాగేవాళ్లే గాని, అరుగు మీద కూర్చునేవాళ్లు కాదు. అది నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా ముందు ఎప్పుడూ మోగుతూ ఉండే ఫోను ఒకటి ఉండేది, అది సాకు.

కామేశ్వరరావు గారిని నేను గౌరవిస్తాను. అన్నం పెట్టిన మనిషి. ఆయన లోపం కూడా చెబుతాను. ఎవరు ఏ లైను అడిగినా లేదు అనలేరు. పెద్ద కంపెనీ మాకు చెరుపు చేస్తుందని ఆయన భయపడేవారు. మాకు చెరుపు చేసింది మా తొందరే.

అప్పట్లో నా పక్క కుర్చీలో సావిత్రి ఉండేది. నాలుగేళ్లు ఇద్దరం కలిసి ఫిర్యాదులు విన్నాం. "సెప్పండి బావూ" అని ఆమె అంటే అవతలివాళ్ల కోపం సగం దిగేది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం పరీక్ష రాస్తూ ఉండేది. మూడుసార్లు రాసి, దగ్గరగా వచ్చి పోయింది. నాలుగోది ఆఖరు. ఆ ఏటితో వయసు దాటిపోతుంది. నెల రోజులు సెలవడిగితే నేనే కామేశ్వరరావు గారితో చెప్పి ఇప్పించాను.

రెండు దారులని రాసిన కాగితం

ఆ పరీక్షలు కంప్యూటర్ల మీద జరుగుతాయి. మా పట్టణం చివర ఉన్న కాలేజీని కేంద్రంగా తీసుకున్నారు. అంతకుముందు మా పిల్లలు ఇందుకోసం విశాఖపట్నం వెళ్లి, ఎవరింట్లోనో తలదాచుకుని రాసేవారు. కాలేజీకి పాత కంపెనీ లైను నెలల తరబడి చచ్చి ఉండేది. దాన్ని తీసేసి రెండు లైన్లూ మమ్మల్నే వేయమన్నారు. ఒక్కటే షరతు. ఒకటి పోతే రెండోది నిలబడాలి కాబట్టి రెండూ వేర్వేరు దారుల్లో రావాలి.

మొదటిది నూనె మిల్లు వీధి మీదుగా ఎప్పుడో వేశాం. రెండోది రైసుమిల్లు సందు మీదుగా అని పటం గీసి లైన్ మెన్‌కి ఇచ్చాను. వారం తర్వాత పని అయిపోయిందన్నారు. కాలేజీ నుంచి కాగితం వచ్చింది: రెండు దారులూ వేరని స్వయంగా పరిశీలించాను. కింద సంతకం పెట్టాను. నేను చూసింది నేను గీసిన పటమే. ఆ మధ్యాహ్నం అరగంట నడిస్తే సరిపోయేది.

తల ఎత్తి చూసిన రోజు

మా పట్టణంలో ఏటా ఒక మంగళవారం నాడు అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. తెలియని వాళ్లకి చెబుతాను. యాభై అడుగుల పైన ఉండే చింతమానుని బండికి బిగిస్తారు. దాని చివర చిన్న ఆసనం మీద పూజారి కూర్చుంటాడు. మేడల కంటే ఎత్తున అతను అలా ఊరంతా తిరుగుతాడు. కింద జనం తాళ్లతో బండి లాగుతారు, అరటిపళ్లు పైకి విసురుతారు. మాను వెళ్లే వీధిలో అడ్డంగా ఒక్క తీగ కూడా ఉండకూడదు. ఆ రోజు కరెంటు వాళ్లు తమవి దించుతారు, కేబుల్ వాళ్లు కత్తిరించి మర్నాడు కలుపుకుంటారు. మాను ఎప్పుడూ పెద్ద వీధిలోంచి వెళ్లేది. మా ఫైబరు అక్కడ లేదు.

పండగకి రెండు రోజుల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి నూనె మిల్లు వీధిలో నడిచి వస్తున్నాను. ఇద్దరు మనుషులు పొడుగాటి వెదురుతో తీగలు కొలుస్తున్నారు.

"ఏటి కొలుస్తున్నారు బాబూ?"

"మాను ఈ ఏడు ఇటే వస్తాదమ్మా. పెద్దీదిలో కాలవకని తవ్వీసినారు కదా."

తల ఎత్తి చూశాను. వీధికి అడ్డంగా, గోడలు అందని చోట మేము పాతుకున్న రెండు స్తంభాల మధ్య మా తీగ. దాని పక్కనే, అదే బిగింపులో, ఇంకో నల్ల తీగ. కొత్తది. మెరుస్తోంది.

అక్కడే నిలబడి అప్పన్నకి ఫోను చేశాను. మా దగ్గర తీగ అతికే పనిలో అతన్ని మించినవాడు లేడు. సైకిలు మీద వచ్చాడు. నా చూపు ఎటు ఉందో చూసి తల దించుకున్నాడు.

"ఆ రెండోది ఏ లైనప్పన్నా?"

"కాలేజీదే మేడంగారు."

"సందులోంచి కదా వేయమన్నాను."

"సందులో మలుపు కాడ ముసిలామె ఇల్లుంది. గోడ మీద సెయ్యెయ్యనివ్వనన్నాది. 'ఆ కాంపౌండరు గారి అమ్మాయి రాలేదేటి, మిమ్మల్నంపినాదా' అన్నాది. రెండుసార్లు ఎల్లినాం. మీకు సెబుదారంటే మీరు ఫోన్లోనే ఉంతన్నారు. పాత తీగ ఎంబడి కట్టీసినాం."

"నాకు చెప్పాలి కదా."

"సెప్పాలండి." తల ఎత్తకుండానే అన్నాడు, "తిడితే బాగున్ను."

తిట్టడానికి నాకు అర్హత లేదు. రెండు దారులు అని సంతకం పెట్టిన తీగలు ఒకే స్తంభం మీద ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం ఆ స్తంభాల మధ్య నుంచి మాను వెళుతుంది. మంగళవారం మధ్యాహ్నమే కాలేజీలో రెండు వందల మందికి పరీక్ష. సావిత్రి హాల్ టికెట్ నేను చూశాను. ఆమెది ఆ విడతే.

సందులోంచి కొత్తగా లాగాలంటే తీగ చుట్ట విశాఖపట్నం నుంచి రావాలి. పండగకి పట్టణంలోకి లారీలు ఆపేశారు, కూలివాళ్లు ఒక్కరూ దొరకరు. రెండు రోజుల్లో అది జరగదు.

ప్రిన్సిపాలు గది

కామేశ్వరరావు గారికి ఫోనులో చెప్పాను.

"ఎవరికీ సెప్పకమ్మా. తీగ దించి రోడ్డు మీదే పరిసీద్దాం. మాను ఆ ఈది దాటడానికి పావుగంట. ఆ పావుగంట దేవుడి మీద ఒగ్గీద్దాం."

"దేవుడి మీద వదలాల్సింది మన చేతిలో ఉన్నది చేశాకండి."

"సెప్తే కాలేజీ పోతాది. కాలేజీ పోతే ఊరే పోతాది మనకి. ఇన్నేళ్లు కట్టుకున్నది."

"సంతకం నాదండీ."

ఆయన వద్దనలేదు, సరే అనలేదు. ఫోను పెట్టేశారు.

సోమవారం ఉదయం ప్రిన్సిపాలు గారి ముందు నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన బీరువాలోంచి నా కాగితం తీశారు.

"స్వయంగా పరిశీలించాను అని ఉంది ఇక్కడ."

"అవును సార్."

"పరిశీలించారా?"

"లేదు సార్. పటం చూసి రాశాను."

"మరి ఈ మాట ఎందుకు రాశారు?"

ఆయన కేక వేయలేదు. వేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. నా ముందే పరీక్ష అధికారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అవతలి నుంచి వచ్చిన జవాబు నాకు తిరిగి చెప్పారు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు లైను మీద దిగాలి. నాలుగున్నరకు పరీక్ష ముగిశాక, జవాబులు ఐదు లోపు పైకి చేరాలి. చేరకపోతే ఆ విడత చెల్లదు. మళ్లీ పెడతారో, ఎప్పుడు పెడతారో ఎవరూ మాట ఇవ్వలేరు.

"కేంద్రం ఇప్పుడు మార్చలేమన్నారు. రేపు అది నిలబడేలా చూడండి. అంతకంటే మీతో నాకు మాటల్లేవు."

మాను బాట

ఒక్కటే దారి ఉంది. తీగని కోయకుండా, వెలుగు పోతుండగానే స్తంభాల మీద నుంచి దించి, వీధికి అడ్డంగా నేలలో చిన్న గాడి తవ్వి పడుకోబెట్టాలి. మాను దాటాక మళ్లీ ఎత్తాలి. దానికి ఉత్సవం పెద్ద ఒప్పుకోవాలి. ఆయన పేరు సింహాచలం. మాను బండి పక్కన కూర్చుని చక్రాల ఇరుసుకి ఆముదం పూస్తున్నాడు. పక్కన నేను, వెనక అప్పన్న.

నేను చెప్పింది విని చేతులు తుడుచుకున్నాడు. "మాను బాట మీద గాడి తవ్వుతానంటావేటమ్మా."

"జానెడే నాయనా. మళ్లీ పూడ్చేస్తాం."

"పూడ్సిన మట్టి దిగదేటి? సెక్రం జానెడు దిగితే మాను సివర బారెడు ఊగుతాది. ఆ సివర మనిషి కూకుంటాడు. ఈ ఏడు కూకునేది నా మేనల్లుడు. మీ తీగ తెగితే అతుక్కుంతాది. ఆడు పడితే నువ్వు అతుకుతావా?"

నా పరీక్ష పిల్లల భయమే నా లోపల ఉంది. ఆయన భయం అంత ఎత్తున ఉందని అప్పుడే తెలిసింది.

"ఏ ఇంటి పిల్లవి?" అన్నాడు.

"మిషను ఆసుపత్రి కాంపౌండరు గారి అమ్మాయిని."

"ఓలమ్మ. మీ అయ్య సేత సూదులేయించుకున్నాం, ఈదంతా. అందుకని గాడి తవ్వనిస్తాననుకోకు."

"అనుకోను. కాలేజీలో రెండొందల మంది పరీక్ష రాస్తున్నారు. అందులో ఒకామెకి ఇదే ఆఖరు. తప్పు నాది, వాళ్లది కాదు. మీకు తెలిసిన దారి ఏదైనా ఉంటే చెప్పండి. లేకపోతే లేదు."

ఆయన ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత లేచాడు. "రా." మమ్మల్ని నూనె మిల్లు గేటు దాకా నడిపించాడు. మా స్తంభాలకి ఓ ఇరవై అడుగుల అవతల, రోడ్డు కింద నీళ్లు పోయే పాత తూము ఉంది. పైన మూడు రాతి పలకలు, మట్టి కప్పి ఉంది. ఇన్నేళ్లుగా వాటి మీద నుంచి నడిచిన నాకు అక్కడ తూము ఉందని తెలియదు.

"సిన్నప్పుడు ఇందులోంచి దూరి ఆ పక్కకి ఎల్లేవోళ్లం. పలక ఎత్తి పెట్టుకోండి. మళ్లీ ఎక్కడిదక్కడ కూకోబెట్టాల. దాని మీద ఇసుక ట్రాక్టరు మూడుసార్లు తోలతాను. పలక కదిలిందో, నీ తీగ నానే తెంపి సేతికిస్తాను. రేపు పొద్దున్న పసుపు నీళ్లు జల్లితే ఆ పైన ఎవుడూ సెయ్యెట్టడానికి నేదు."

"సరే నాయనా."

"సరే అనీకు. ట్రాక్టరు ఎల్లినాక అను."

మొదటి తీగకి స్తంభాల మీద మిగులు చుట్టలు ఉన్నాయి. దించి, పక్కకి జరిపి, తూములోంచి తిప్పడానికి ఆ పొడవు సరిగ్గా సరిపోయింది. రెండోదానికి చుట్టలు వదలలేదు, తొందరలో కట్టింది కదా. దాన్ని కోసేయాల్సిందే. కోయమన్న మాట నాది. ఆ క్షణం నుంచి కాలేజీకి ఉన్నది ఒక్క పోగు.

గునపాలతో పలకలు ఎత్తింది సింహాచలం గారి మనుషులే. అప్పన్న పాత మోటారు గొట్టాన్ని పొడవునా చీల్చి తీగకి తొడుగులా వేశాడు. రాయి అంచు తగిలే చోట తన కండువా మడిచి పెట్టాడు. మీటరు మీద వెలుగు ఇరవై ఒకటి చూపిస్తోంది. ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతున్నట్టు. ఇరవై ఏడు చేరితే లైను పోతుంది. ఇసుక ట్రాక్టరు పలకల మీద నుంచి వెళ్లింది. ఇరవై మూడు. మూడుసార్లూ ఇరవై మూడే. పలక కదలలేదు. అప్పుడు సరే అన్నాను. ఆయన నవ్వలేదు గాని, అప్పన్న భుజం మీద చెయ్యేసి, "కండువా నేకుండా పండగేటిరా" అన్నాడు.

ఇరవై ఏడు

మంగళవారం కాలేజీ గేటు దగ్గర సావిత్రి కనిపించింది. చేతిలో హాల్ టికెట్టు, నీళ్ల సీసా.

"అమ్మా, మీరిక్కడేటి?"

"లైను చూడ్డానికి వచ్చాను."

"అయితే నాకు బయం నేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

కంప్యూటర్లు ఉన్న చిన్న గదిలో నేను, ప్రిన్సిపాలు గారు, మా ముందు వెలుగు అంకె చూపించే మీటరు. అప్పన్న తూము దగ్గర. ప్రశ్నలు సరిగ్గా దిగాయి. మాను మూడింటికి నూనె మిల్లు దాటాలి. మూడయింది, రాలేదు. మూడున్నర అయింది. "ఇంకా గుడి కాడే ఉన్నాదండి" అన్నాడు అప్పన్న ఫోనులో. నాలుగు. నాలుగుంపావుకి దూరంగా డప్పులు వినిపించాయి. నాలుగున్నరకు పరీక్ష ముగిసింది. జవాబులు పైకి వెళ్లడం మొదలైంది. తెర మీద ఆకుపచ్చ గీత కొద్దికొద్దిగా జరుగుతోంది.

"బండి తూమెక్కతన్నాది" అన్నాడు అప్పన్న.

ఇరవై మూడు. ఇరవై నాలుగు. దాటిపోతుందనుకున్నాను. అంకె తగ్గలేదు.

"ఏమైందప్పన్నా?"

"బండాగిపోనాదండి. పలక మీదే. ఈ ఈదికి మాను ఎప్పుడూ రాలేదు కదా, ఆడోళ్లందరూ పళ్లు పట్టుకుని అడ్డం వచ్చీసినారు. తాళ్లోళ్లు కూకున్నారు."

ట్రాక్టరు దాటి వెళ్లింది, ఆగలేదు. ఆగిన బరువు ఎలా ఉంటుందో మేము చూడలేదు. అది మా రెండో తప్పు. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఆకుపచ్చ గీత సగం దాటింది. ప్రిన్సిపాలు గారు గడియారం వంక చూస్తున్నారు. ఇరవై ఏడు. గీత ఆగిపోయింది.

"మేడంగారు, సెప్పమంటారేటి, బండి లాగమని? సింహాసలం తాత పక్కనే ఉన్నాడు. నానొక్క మాటంటే లాగుతారు."

ఈ ప్రశ్న గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గోడ అవతల సావిత్రి ఉంది. నా మీద నమ్మకంతో లోపలికి వెళ్లింది. ఇటు, మాను చివర సింహాచలం గారి మేనల్లుడు ఉన్నాడు. కూర్చున్న తాళ్లవాళ్లని ఒక్కసారి లేపి లాగమంటే, బండి కుదుపుతో కదులుతుంది. జనం చక్రాల ముందే ఉన్నారు. నేను చేసిన తప్పుకి అతన్ని కుదపమని అడగాలి.

"వద్దు. దాని సమయానికి అది కదలనీ. నువ్వు తూము దగ్గరే ఉండు."

ప్రిన్సిపాలు గారు నా వంక చూశారు. నేను కళ్లు మూసుకున్నాను. ప్రార్థనలో మాటలు రాలేదు. పేరు ఒక్కటే వచ్చింది, సావిత్రిది.

గోడ గడియారంలో నాలుగూ నలభై. నలభై రెండు. డప్పులు మళ్లీ అందుకున్నాయి. కళ్లు తెరిచేసరికి ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి. గీత కదిలింది. ఐదుకి ఎనిమిది నిమిషాలు ఉందనగా చివరికి చేరింది.

ఫోనులో జనం గోల, దాని మధ్య అప్పన్న ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

ప్రిన్సిపాలు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "వచ్చే నెల నుంచి రెండో లైను మీకివ్వను. వేరే కంపెనీకి ఇస్తాను."

"ఇవ్వండి సార్. అదే సరైనది."

"మొదటిది మీకే ఉంచుతున్నాను. ఎందుకో తెలుసు కదా."

దాచకుండా ముందే వెళ్లి చెప్పినందుకు. తెలుసన్నట్టు తలూపాను. ఆయన చేయి చాపి లైటు ఆర్పి నాకు తలుపు తీసి పట్టుకున్నారు. కామేశ్వరరావు గారు రెండో లైను పోయిందని వారం పాటు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత ఒక రోజు ఆయనే తన బండి మీద నన్ను రైసుమిల్లు సందు మలుపు దాకా దింపారు. ఆ పెద్దావిడ అరుగు మీద గంట కూర్చున్నాను. కాలేజీ కోసం కాదు. ఆ సందులో పన్నెండు ఇళ్లు మా లైను కోసం ఎదురుచూస్తున్నాయి.

పిల్లలూ, మీ ఆఫీసుల్లో ఇప్పుడు తెర మీద పటాలు ఉంటాయి. తీగలన్నీ రంగురంగుల గీతలుగా కనిపిస్తాయి. అవి ఎవరో గీసినవని గుర్తుంచుకోండి. పరిశీలించాను అని రాసే ముందు చెప్పులు వేసుకోండి. మీ కింద పనిచేసేవాడు చెడ్డ వార్త తెచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టండి.

సావిత్రి

ఆ సాయంత్రం సావిత్రి గేటు బయటికి వచ్చి, "మాను ఎల్లిపోనాదేటి? సూడలేకపోనాను" అని బాధపడింది. లోపల ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోయాయంది. నేను ఆమెకి ఏమీ చెప్పలేదు.

ఫలితాలు చాలా నెలలకు వచ్చాయి. సావిత్రి పేరు లేదు. రెండు మార్కుల్లో పోయింది. ఆమె సెలవు ముగించుకుని ఎప్పుడో పనిలోకి వచ్చేసింది, పక్క కుర్చీలోనే ఉంది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. నేనే ఎత్తాను. అవతలివాళ్లతో మాట్లాడి పెట్టేశాక ఆమెకి అంతా చెప్పాను. సంతకం, రెండు తీగలు, తూము, ఆగిపోయిన గీత, బండి కదపొద్దన్న మాట. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఫలితం రాకుండా ఆమె మనసులో ఆ అనుమానం పెట్టడం ఇష్టంలేక.

ఆమె విని కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"నా జవాబులన్నీ ఎల్లినాయి కదా?"

"అన్నీ వెళ్లాయి. ప్రిన్సిపాలు గారు లెక్క చూపించారు."

"అయితే ఆ రెండు మార్కులూ నా సేత్తో నానే పోగొట్టుకున్నాను. మీ తీగ వల్ల కాదు."

"కాదు."

"అది సాలమ్మా" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత మోగుతున్న ఫోను ఎత్తి, "సెప్పండి బావూ" అంది.